రెండు మడమలు

"ఆ బూట్లు నేను తియ్యలేదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

మాస్టారు స్టూలెక్కి, తల అటకలో దూర్చి అడిగాడు. గొంతు పెట్టెల మధ్య నుంచి వచ్చింది.

"మీరు తియ్యలేదు. నేను తియ్యలేదు. వాటికే కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోయాయి కాబోలు," అంది టిక్కెట్టమ్మ, కింద స్టూలు పట్టుకుని.

ఒకపక్క భర్తతో పోట్లాడుతూనే ఇంకోపక్క ఆయన పడిపోకుండా స్టూలు పట్టుకోవడం ఆమెకు అలవాటే.

అటక మీద పాత సూట్‌కేసులున్నాయి, చెడిపోయిన టేబుల్ ఫ్యానుంది, గువ్వ చిన్నప్పటి ఊయల గొట్టాలున్నాయి. గువ్వ ఆట బూట్లు మాత్రం లేవు. కూతురి మోకాలికి ఆపరేషన్ అయిన కొత్తలో టిక్కెట్టమ్మే వాటిని ఒక సంచిలో చుట్టి ఫ్యాను వెనక్కి తోసింది. ఆడొచ్చని డాక్టరు తన నోటితో తాను చెప్పేదాకా ఆ సంచి కిందికి దిగడానికి వీల్లేదని అందరి ముందూ చెప్పి మరీ పెట్టింది. ఇప్పుడు ఫ్యాను వెనక దుమ్ములో సంచి అచ్చు తప్ప ఏమీ లేదు.

మాస్టారు కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

"స్కూల్లో దాచారా?" అందామె.

"ఏమిటి?"

"బూట్లు. సాయంత్రం ఫిజియో దగ్గరికని పిల్లని తీసుకెళ్ళి, దారిలో మీ బాస్కెట్‌బాల్ కోర్టుకి మళ్ళించి, నాలుగు బంతులు వేయించి తీసుకొస్తున్నారా అని అడుగుతున్నాను."

"నేను దాని తండ్రిని."

"దాని డ్రిల్లు మాస్టారు కూడా మీరేగా."

ఆయన ముఖం చిన్నబోయింది. మెడలో వేలాడుతున్న విజిలు తీసి జేబులో వేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వాలకం అనుకుంది టిక్కెట్టమ్మ.

రైళ్ళలో టిక్కెట్లు అడగడం ఆమె ఉద్యోగం. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె టిక్కెట్టమ్మే. ఎదుటివాడి మాట వినే ముందు ముఖం చూడటం, ముఖం చూసే ముందు చేతులు చూడటం ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి రైల్వేవాళ్ళు నెలనెలా జీతమిచ్చి, కోటు కుట్టించి పెట్టారని మాస్టారు సరదాగా ఉన్న రోజుల్లో వేళాకోళం చేసేవాడు. ఈ మధ్య ఆయన సరదాగా ఉండటం లేదు.

గువ్వకి మోకాలి లోపల, ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్ పోయిన ఏడాది మ్యాచ్‌లో తెగింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. ఎగిరి కిందికి దిగుతూ ఒక మలుపు తిరిగింది, అంతే. పెద్దవాళ్ళకైతే ఎముకకి బెజ్జం వేసి, తొడ వెనక నుంచి తాడులాంటి స్నాయువు తీసి అందులోంచి లాగి బిగిస్తారట. ఎదిగే పిల్లల్లో అంత తేలిగ్గా కుదరదు. ఎముక పెరిగే చోట బెజ్జం పడితే కాలు పొట్టిదవ్వచ్చు, వంకర పోవచ్చు. అందుకని డాక్టరు ముందు గువ్వ చేతికి ఎక్స్‌రే తీయించాడు. చేతి ఎముకలు చూస్తే పిల్ల ఇంకెంత ఎదుగుతుందో తెలుస్తుందని చెప్పాడు. మోకాలు చెడితే చెయ్యి ఫొటో తీస్తాడేమిటి, వీడికి కాలేదో చెయ్యేదో తెలుసా అని అత్తగారు ఆ పూటే ఆయన మీద నమ్మకం వదిలేసుకుంది.

కానీ డాక్టరు మంచివాడే. పెరిగే చోటును తప్పించి, జాగ్రత్తగా చేశాడు. ప్రతిసారీ రెండు కాళ్ళ పొడవూ కొలిచి సమంగా ఉన్నాయని చూపించేవాడు. గువ్వ చంకకర్రలు వదిలేసింది, మెట్లెక్కింది, సైకిలు తొక్కింది. ఇక ఫరవాలేదు అనుకుంటుండగా కుడి మోకాలు పూర్తిగా చాపలేనంది. అప్పట్నుంచీ వంచి, కుంటుతూనే నడుస్తోంది.

"ఇంత బాగా కోలుకున్న కాలు ఉన్నట్టుండి ఇలా బిగుసుకోదండీ. ఇంటి దగ్గర తొందరపడి గెంతించారా?" అని ఫిజియో అమ్మాయి అడిగింది. అడుగుతూ మాస్టారి మెడలో విజిలు వైపు చూసింది. ఆ చూపు టిక్కెట్టమ్మ చూసింది. అనుమానం అక్కడ పుట్టి, అటకెక్కి చూస్తే బూట్లు లేకపోవడంతో పెద్దదైంది.

స్కానులో కొత్త లిగమెంటు ముందు చిన్న మసక కనిపించింది. గాయం మానినచోట లోపల మచ్చలా కండ పెరిగి అడ్డుపడుతోందేమో, తెరిచి చూస్తే తప్ప చెప్పలేనన్నాడు డాక్టరు. "రెండోసారి తెరిచామంటే మాత్రం ఆట సంగతి మర్చిపోవడమే మంచిది," అని కూడా అన్నాడు. మాస్టారు వరండాలోకి వెళ్ళి కుళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

రేపు పొద్దున్నే ఆపరేషన్. తల్లీ తండ్రీ ఇద్దరూ సరేనన్నాకే థియేటర్ ఖాయం చేస్తానని, ఈ సాయంత్రం తనే ఫోన్ చేస్తానని డాక్టరు చెప్పాడు.

"ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు," అన్నాడు మాస్టారు చెప్పులేసుకుంటూ. "బూట్లు నువ్వే పారేశావా?"

"నేనా?"

"మొదట్నించీ దానికి ఆట వద్దనేదానివి నువ్వే."

"ఆట వద్దన్లేదు. ఇంట్లో కూడా మాస్టారిలా ఉండొద్దన్నాను."

ఆయన రెండో చెప్పు వేసుకున్నాడు. ఫోన్ వచ్చేలోగా తిరిగొస్తానని గోడకి చెప్పి వెళ్ళిపోయాడు. గేటు మాత్రం నెమ్మదిగానే వేశాడు. ఆయనకి కోపమొస్తే గేటు గట్టిగా వేస్తాడు. మరి ఇది కోపం కాకపోతే ఏమిటని ఆమె ఆలోచనలో పడింది.

కిటికీ దగ్గర కుర్చీలో అత్తగారు దిండుగలేబుకి బొత్తాలు కుడుతోంది. అంతసేపూ తలెత్తలేదు. కొడుకూ కోడలూ పోట్లాడుకునేటప్పుడు ఆవిడకి చెవులు వినపడవు. పోట్లాట అయిపోగానే మళ్ళీ వినపడతాయి.

"ఏ బూట్ల గురించే అమ్మాయ్ ఇంత గొడవ?" అందావిడ.

"గువ్వ ఆట బూట్లు అత్తయ్యా. అటక మీద పెట్టినవి."

"అవా? అవి చెత్తబండిలో వేసేశానుగా."

టిక్కెట్టమ్మ స్టూలు మీద కూలబడింది. "మీరు వేశారా?"

"నేనెందుకు వేస్తాను, గువ్వ ఇస్తే వేశాను. అరిగిపోయాయి నాయనమ్మా, అమ్మ చూస్తే మళ్ళీ దాచిపెడుతుంది, చెప్పకు అంది. మీ ఆయన పాత చొక్కాలన్నీ నువ్వు దాచడం నాకు తెలుసు కదా. నిజమే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"దాని కాలు మళ్ళీ బిగుసుకుంది చూడు, దానికి కాస్త ముందు."

"అటక మీంచి ఎవరు దింపారు?"

"ఎవరు దింపుతారు? అదే స్టూలెక్కి తీసుకుంది. కోతిపిల్లలా చంగుమని ఎక్కి, చంగుమని దూకింది."

"ఏ కాలు మీద దూకింది అత్తయ్యా?"

"బాగుంది, కాళ్ళు చూడ్డానికి నేనేమన్నా నీలా చెకింగు డ్యూటీలో ఉన్నానా?" అని ఆవిడ దారం పళ్ళతో తెంపింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అసలు ఏం దొంగతనం జరిగిందో టిక్కెట్టమ్మకి అంతు పట్టలేదు. ఆడాలని తహతహలాడే పిల్ల బూట్లు దాచుకుంటుంది గానీ పారేస్తుందా? పాపం, మొగుణ్ణి పొద్దుట్నించీ ఆడిపోసుకున్నానే అని సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఇంకో భయం వచ్చింది.

గువ్వ గది తలుపు ఓరగా వేసి ఉంది. సాయంత్రపు ఎండ కర్టెన్లోంచి పలచగా పడుతోంది. గువ్వ బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఆ మంచం గువ్వ మూడో క్లాసులో ఉండగా కొన్నది. డాక్టరు చెప్పినట్టే పిల్ల ఎదిగింది, మంచం ఎదగలేదు. రెండు పాదాలూ మంచం చివర దాటి గాల్లో వేలాడుతున్నాయి.

అక్కడే టిక్కెట్టమ్మ చూపు ఆగిపోయింది.

ఫిజియో దగ్గర కాలు ఎంత చాపగలుగుతోందో చూసేది అచ్చం అలాగే. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళ కింది భాగం బల్ల దాటించి వదిలేస్తారు. పూర్తిగా చాచగలిగితే రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉంటాయి. గువ్వ కుడి మడమ ఎప్పుడూ ఎడమదాని కన్నా రెండు వేళ్ళు పైకే ఉండేది. ఇంట్లో రోజూ ఆ చీలమండకి ఇసుక సంచి కట్టి వేలాడదీసింది తనే. మడమ దిగేది కాదు. నొప్పమ్మా అని దిండులో ముఖం దాచుకునేది గువ్వ. చూడలేక సంచి విప్పేసిందీ తనే.

ఇప్పుడు రెండు మడమలూ సమంగా ఉన్నాయి.

కళ్ళు నమ్మలేకపోయింది. మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చదువుకునే బల్ల మీదున్న గువ్వ స్కేలు తీసి రెండు మడమల మీదా అడ్డంగా పెట్టింది. స్కేలు ఎటూ ఒరగలేదు.

నిజంగా నిద్రపోతోందా? ఆ పరీక్ష ఆమెకు కొట్టిన పిండి. ఆమె కోటు కనబడగానే రైలుపెట్టెలో టిక్కెట్టు లేనివాళ్ళు సగం మంది నిద్రపోతారు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమని లోకం అంటుంది. ఆమె మాత్రం పాదం చూసి పోల్చేస్తుంది. నిజంగా నిద్రపోయేవాడి పాదం వాడి మాట వినదు, బండి ఎటూగితే అటే ఊగుతుంది. దొంగనిద్రలో వేళ్ళు బిగుసుకుని ఉంటాయి.

వేలితో గువ్వ కుడిపాదాన్ని మెల్లగా తట్టింది. పాదం వదులుగా ఊగి ఆగింది.

స్కేలు జారి నేల మీద పడింది. గువ్వ ఉలిక్కిపడి తల తిప్పింది. తల్లిని చూసింది. చూసీ చూడగానే కుడి మోకాలు వంగింది, మడమ రెండు వేళ్ళు పైకి లేచింది.

టిక్కెట్టమ్మ కింద పడిన స్కేలు అందుకుంది. తనకొచ్చింది కోపమో, ఊరటో ఆమెకే తెలియలేదు. కాలు బాగానే ఉంది. బాగున్న కాలిని రేపు కోయబోతున్నారు.

"మడమ దించు," అంది.

"రాదమ్మా. నొప్పి."

"ఇందాక వచ్చింది."

గువ్వ లేచి కూర్చుని, రెండు కాళ్ళూ దగ్గరికి లాక్కుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. కుడి మోకాలి మీద ఆపరేషన్ గీత ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"బూట్లు పారేయించావు. కాలు బాగున్నా కుంటుతున్నావు. ఫిజియోనీ, డాక్టర్నీ, నన్నూ ఇన్నాళ్ళూ ఆడించావు. మీ నాన్నకి తెలుసా?"

"నాన్నకి చెప్పకు."

"ముందు నాకు చెప్పు."

"రెండోసారి తెరిస్తే ఇక ఆట లేదన్నాడుగా డాక్టరు."

"అని?"

"అంతే."

టిక్కెట్టమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూతురి ముఖం తన వైపు తిప్పుకుంది. "ఆట వద్దంటే వద్దని నోటితో చెప్పొచ్చుగా గువ్వా. దానికి మోకాలు కోయించుకుంటారా ఎవరైనా?"

"మొదట కుంటుతుంటే ఆడమనరులే అనుకున్నాను, అంతే. నీకు చెప్పొచ్చు. నాన్నకి చెప్పడం కన్నా కోయించుకోవడమే తేలిక."

"నాన్న నిన్ను కొడతాడా, తిడతాడా?"

"కొట్టినా బాగుండేది." గువ్వ దుప్పటి అంచు మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది. "కాలు ఎలా తెగిందో నాన్న నీకేం చెప్పాడు?"

"ఎగిరి దిగుతుంటే మెలిక పడిందన్నారు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదన్నారు."

"దానికి ముందు?"

"ముందేమైంది?"

"కాళ్ళు వణుకుతున్నాయి, కూర్చుంటానన్నాను. వెళ్ళి అడిగాను. మళ్ళీ వెళ్ళి కూడా అడిగాను. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టమ్మా, నువ్వు లేకపోతే ఓడిపోతాం అన్నాడు. ఏడుస్తూ లోపలికెళ్ళాను." గొంతు తడబడకుండా చెప్పింది. ఎన్నోసార్లు లోలోపల చెప్పుకుని ఉంటుంది. "నాన్నకి అది గుర్తు లేదమ్మా. రోజూ ఐసు పెడుతూ, పాపం నా బంగారుతల్లికి ఎందుకిలా అయిందో అంటాడు. నేను ఆడనంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాననుకో..."

దుప్పటి అంచు మళ్ళీ మడత పెట్టింది.

టిక్కెట్టమ్మ కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. కానీ ఏడుస్తూనే ఆమె బుర్రలో పాత కోటు వేసుకున్న భూతం లేచి కూర్చుంది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. ఆస్పత్రిలో చెప్పినప్పుడూ అదే మాట, అత్తగారికి చెప్పినప్పుడూ అదే మాట, పక్కింటివాళ్ళు పరామర్శకొచ్చినప్పుడూ అదే మాట. నిజం చెప్పేవాళ్ళు ఒక్కోసారి ఒక్కోలా చెబుతారు, ఒకటి మర్చిపోతారు, ఒకటి కలుపుతారు. ఒకే కథని ఒకే మాటల్లో చెప్పేవాడి దగ్గర టిక్కెట్టు ఉండదని ఆమెకు బాగా తెలుసు.

గుర్తు లేదా? లేక...

గేటు చప్పుడైంది. హాల్లో మాస్టారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వస్తున్నాడు. "ఆఁ, నాకు సరేనండీ. ఒక్క నిమిషం, ఆవిడకిస్తాను."

గువ్వ గబుక్కున బోర్లా తిరిగి కళ్ళు మూసుకుంది. తలుపు తెరుచుకునేసరికి ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తోంది.

"డాక్టరు," అని మాస్టారు ఫోన్ చేత్తో మూసి గుసగుసగా అన్నాడు. "నేను చెప్పేశాను. నువ్వు ఊఁ అంటే రేపటికి ఖాయం చేస్తాడు. పడుకుందా?"

"పడుకుంది."

ఆమె ఫోన్ అందుకుంది. ఊఁ అంటే బాగున్న కాలిని తెరుస్తారు. ఊహూఁ అంటే ఎందుకో చెప్పాలి, చెబితే ఈ పిల్ల మళ్ళీ తన ముఖం చూడదు.

అప్పుడు మంచం వైపు చూసి కొయ్యబారిపోయింది. నిద్ర బాగా నటించాలన్న కంగారులో గువ్వ ఒళ్ళంతా వదులు చేసింది. కాళ్ళు కూడా. మంచం అంచున రెండు మడమలూ సమంగా వేలాడుతున్నాయి.

టిక్కెట్టమ్మ దుప్పటి లాగి కాళ్ళ మీద కప్పబోయింది. రోజూ దొంగల్ని పట్టుకునే చెయ్యి మొదటిసారి దొంగని దాచబోయింది. దుప్పటి కూడా మూడో క్లాసునాటిదే. ఎంత లాగినా కుడిపాదం దాకా రాలేదు.

"అమ్మా, వినపడుతోందా?" అన్నాడు డాక్టరు ఫోన్లో. "ఏం చెయ్యమంటారు?"

మాస్టారు మంచం దగ్గరికొచ్చాడు. పొద్దున్న ప్రార్థనలో పిల్లల వరుస తిన్నగా ఉందో లేదో చూసేటప్పుడు వంగినట్టు, చేతులు మోకాళ్ళ మీద ఆనించి వంగాడు. దుప్పటి అంచు ఎత్తి, ఒక కన్ను మూసి, ఆ మడమ నుంచి ఈ మడమకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమండీ," అంది ఆమె.

"అమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఫోన్ పెట్టెయ్," అన్నాడు మాస్టారు, తల ఎత్తకుండానే. ఆ గొంతు ఆయనది కానట్టుంది. తర్వాత, ఆమెకు మాత్రమే వినపడాలన్నట్టు అడిగాడు.

"పది నిమిషాల సంగతి చెప్పిందా నీకు?"

దుప్పటి బయట గువ్వ పాదం వేళ్ళు మెల్లగా బిగుసుకున్నాయి.